సలేశ్వర యాత్రలో మైత్రీధర్మం

సంస్కృతంలో 'మిత్ర' శబ్దం పుంలింగంలో సూర్యుని, నపుంసకలింగంలో స్నేహితుని బోధిస్తుంది. సూర్యనమస్కారాలలో పఠించే ద్వాదశ నామాలలో మొట్టమొదటిది మిత్రనామమే. ఋగ్వేద తృతీయ మండలంలో విశ్వామిత్ర మహర్షి దర్శించిన సూక్తం ఒకటి సంపూర్ణంగా ఈ దేవతనే స్తుతిస్తుంది. ప్రాతఃసంధ్యలో సూర్యోపస్థానం చేసేవారు నేటికీ ఆ మంత్రాలనే ఆశ్రయిస్తున్నారు. వైదిక వాఙ్మయంలో మిత్రుడు వెలుగును ప్రసాదించే దైవం మాత్రమే కాడు. మనుష్యుల నడుమ కుదిరిన ఒడంబడికకు, ఇచ్చిన మాటకు అధిదేవత కూడా. పైనుండి చూచే సూర్యుడు, నిలుపుకోవలసిన మాట, పక్కన నిలిచే నేస్తం, ఈ మూడూ ఒక్క శబ్దంలో ఒదిగి ఉండటం ఆలోచింపదగినది. ఎండ ముందు ఏదీ దాగదు. స్నేహం ముందు దాచరాదు. దాచిన నాడు స్నేహం క్షీణించడం మొదలవుతుంది.

ఈ సత్యం నలుగురు మిత్రులకు గ్రంథపఠనం వలన కాక, ఒక వేసవి యాత్ర వలన అనుభవానికి వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌కు దక్షిణంగా మీర్‌పేట, జిల్లెలగూడలను దాటి వెళితే అల్మాస్‌గూడ వస్తుంది. ఆ నలుగురిలో ముగ్గురు పాలమూరు పల్లెల నుండి చదువు నిమిత్తం నగరానికి వచ్చి, 1990ల నాటి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే గదిలో, ఒకే కిరోసిన్ స్టవ్ మీద వండుకొని తిన్నవారు. కాలక్రమంలో ఒకరు బ్యాంకు ఉద్యోగి అయ్యారు. రెండవవారు విద్యుత్ సామగ్రి దుకాణం పెట్టుకున్నారు. మూడవవారు హోమియో వైద్యులు. ముగ్గురూ అల్మాస్‌గూడలో దగ్గర దగ్గర వీధుల్లో స్థలాలు కొని ఇళ్ళు కట్టుకున్నారు. నాలుగవవారు వారికంటె పదేళ్ళు పెద్ద. పదవీవిరమణ చేసిన సంస్కృతోపాధ్యాయులు. ఆదివారం ఉదయం కాలనీ ఆలయ మండపంలో ఆయన వాల్మీకి రామాయణం చదివి అర్థం చెప్పడం, ముగ్గురు మిత్రులు వినడం ఏళ్ళ తరబడి సాగుతున్న నియమం.

2021 వేసవిలో కరోనా రెండవ దశ వచ్చినపుడు వ్యాపారి దుకాణం మూతపడింది. సరుకు పంపినవారు బాకీల కోసం ఒత్తిడి చేశారు. అప్పుడు బ్యాంకు ఉద్యోగి తన పొదుపులోనుండి ఆరు లక్షల రూపాయలు ఇచ్చారు. పత్రం లేదు, వడ్డీ లేదు. ఏడాదిలో తిరిగి ఇస్తానన్నది మాట. ఏడాది గడచింది, నాలుగేళ్ళు గడిచాయి. ఉన్న స్థలంలో సగభాగం అమ్మి బాకీ తీర్చాలని వ్యాపారి ప్రయత్నం చేస్తూనే ఉన్నారు. బేరాలు కుదిరినట్లే కుదిరి చెదిరిపోయాయి. కానీ ఆ ప్రయత్నం సంగతి ఆయన మిత్రునికి ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పి, మళ్ళీ జరగకపోతే అబద్ధమాడినట్లవుతుందని సంకోచం. మొదట ఫోన్లు తగ్గాయి. తరువాత ఆదివారపు మండపానికి రాకపోకలు తగ్గాయి. చివరికి దుకాణం నుండి ఇంటికి వెళ్ళడానికి మిత్రుని ఇల్లు తగలని మరో వీధి అలవాటైంది.

ఇవతల బ్యాంకు ఉద్యోగి కుమార్తెకు సంబంధం కుదిరింది. కార్తీకంలో ముహూర్తం. డబ్బు అవసరం ముంచుకొచ్చింది. అయినా ఆయన నోరు తెరచి అడగలేదు. అడిగితే తనకూ బాకీలవాళ్ళకూ భేదం ఏముంటుందన్నది ఆయన అభిమానం. ఈ విధంగా ఒకరు చెప్పక, ఒకరు అడగక, ముప్పై ఏళ్ళ స్నేహం మీద ధూళి పేరుకొంది. వైద్యునికి ఉభయుల సంగతీ తెలుసు. ఉపాధ్యాయులకు ఎవరూ చెప్పలేదు గాని, మండపంలో ఖాళీగా మిగిలే చాప ఆయనకు అంతా చెప్పింది.

ఏటా చైత్ర పూర్ణిమనాడు, హనుమజ్జయంతి సందర్భంగా, ఆ నలుగురూ కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి దర్శనానికి వెళ్ళడం పరిపాటి. విశ్వావసు నామ సంవత్సరంలో, అనగా 2025లో, ఆ పర్వం ఏప్రిల్ 12, శనివారం నాడు వచ్చింది. ఈసారి నల్లమలలోని సలేశ్వరానికి పోదామని ఉపాధ్యాయులే ప్రతిపాదించారు. దట్టమైన అడవి నడుమ, లోతైన లోయలో వెలసిన ఆ లింగమయ్య దర్శనం చైత్ర పూర్ణిమ ముందువెనుకల కొద్ది రోజులు మాత్రమే లభిస్తుంది. పెద్దాయన స్వయంగా ఇంటికి వచ్చి పిలిచినందున వ్యాపారి కాదనలేకపోయారు.

తెల్లవారుజామున నాలుగు గంటలకు బ్యాంకు ఉద్యోగి కారులో బయలుదేరారు. వ్యాపారి వెనుక సీటులో, కిటికీ పక్కన కూర్చున్నారు. తుక్కుగూడ దగ్గర డీజిల్ పోయించే వేళ ఆయన త్వరత్వరగా దిగి రెండు వేల రూపాయలు చెల్లించారు. చక్రం ముందున్న మిత్రుడు వారించలేదు, ధన్యవాదమూ చెప్పలేదు. ఆరు లక్షల మౌనం మీద ఆ రెండు వేలు చిన్న గులకరాయిలా పడి శబ్దం చేశాయి. కందుకూరు, కడ్తాల్ దాటేవరకు ఎవరూ మాట్లాడలేదు.

ఆమనగల్లు ప్రాంతంలో తూర్పు ఎర్రబారింది. కారు ఆపించి, ఉపాధ్యాయులు రోడ్డు పక్కన నిలబడి ఉపస్థానం చేసుకున్నారు. తిరిగి బయలుదేరాక వైద్యుడు, మౌనాన్ని భరించలేక కాబోలు, ఒక ప్రశ్న వేశారు.

"సార్, ఉగాది ముందు కిష్కింధాకాండ చదువుతుంటిరి. వానాకాలం అయిపోయింది, సుగ్రీవుడు మాట మరచిండు అన్న కాడ ఆపేసి, మళ్ళ మొదలే పెట్టలేదు. ఎందుకు?"

కారులో గాలి ఆగినట్లయింది. ప్రశ్నించిన వైద్యునికే తన ప్రశ్న బరువు తరువాత తెలిసింది. ఉపాధ్యాయులు కొంతసేపటికి, "వినవలసినవాళ్ళు అందరూ వచ్చిననాడు చదువుదామని" అన్నారు. అంతకు మించి విస్తరించలేదు.

కొట్ర చౌరస్తా, వంగూరు గేటు దాటాయి. డిండి జలాశయంలో నీరు లోపలికి కుంచించుకుపోయి, ఒడ్డున నెర్రెలు విచ్చిన బంకమట్టి మిగిలింది. హాజీపూర్ తరువాత దూరాన నల్లమల నీలిరేఖలా తోచి, మన్ననూరు చేరేసరికి ఎదుట నిలిచింది. ఇక్కడి నుండి అమ్రాబాద్ పులుల అభయారణ్యం. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాలలో 2,611 చదరపు కిలోమీటర్లు విస్తరించిన ఈ అరణ్యం దేశంలోని పెద్ద పులుల అభయారణ్యాలలో ఒకటి. రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు శ్రీశైలం రహదారిపై ఇక్కడ వాహనాలను అనుమతించరు. ఆ గంటలు మృగాలవి. ఫరహాబాద్ దగ్గర అటవీశాఖ సిబ్బంది సంచులు విప్పించి, ప్లాస్టిక్ సామగ్రిని పక్కన పెట్టించి, సాయంత్రంలోగా తిరిగి రావాలని హెచ్చరించి లోపలికి పంపారు. సెల్‌ఫోన్లలో సిగ్నల్ క్రమంగా సన్నగిల్లి మాయమైంది.

గ్రీష్మం సమీపించిన వేళ అరణ్యాన్ని చూడటం ఒక విద్య. వర్షర్తువులో అడవి పచ్చని వస్త్రం ధరించి ఉంటుంది. వేసవిలో దాని అస్థిపంజరం కనిపిస్తుంది. ఏ కొమ్మ ఎటు వంగిందో, ఏ రాయి ఎక్కడ పగిలిందో, ఏ పుట్ట ఎంత ఎత్తు పెరిగిందో అంతా వెలుగులో నిలుస్తుంది. ఇప్పపూలు రాలి నేలంతా తీపి వాసన. తునికి చెట్లు పసుపు పండ్లతో నిలిచాయి. వాటి నడుమ ఆకులన్నీ రాల్చి, తెల్లని కాండంతో, భస్మం పూసుకొన్నట్లు నిలిచిన ఒక చెట్టును చూపి ఉపాధ్యాయులు దాని పేరడిగారు. దారిలో నడిచే చెంచు వృద్ధుడు "తపసి" అన్నాడు. తపస్వి అన్న మాటే ఆ నోట తపసి అయినట్లు తోచింది. దాని కాండానికి గాటు పెడితే బంక స్రవిస్తుంది; చెంచులు దానిని సేకరించి అమ్ముకొని జీవిస్తారు. తాకితే గాయం, గాయం నుండి ఒకరికి అన్నం. ఆ వృద్ధుడు గాటు ఎక్కువ లోతుగా పెట్టరాదని, చెట్టుకు మానేందుకు వ్యవధి ఇవ్వాలని కూడా చెప్పాడు. తీసుకోవడానికి హద్దు, తిరిగి కోలుకోవడానికి గడువు, రెండూ ఆ అడవి ధర్మంలో భాగాలు.

చెంచులు నల్లమల ఆదివాసులు. ఆస్ట్రియా దేశీయుడైన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో వీరి మధ్య నివసించి, వారి జీవనాన్ని గురించి రచించిన గ్రంథం 1943లో వెలువడింది. 'పెంట'లు అనే చిన్న చిన్న ఆవాసాలలో ఉంటూ, తేనె, బంక, దుంపలు సేకరిస్తూ వచ్చిన ఈ జనులు శ్రీశైల మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. భగవంతునితో వారిది భయసంబంధం కాదు, చుట్టరికం. సలేశ్వరంలో లింగమయ్యకు అర్చన చేసేదీ చెంచు పూజారులే.

రాంపూర్ పెంట దగ్గర వాహనాలు ఆగాయి. అక్కడి నుండి నాలుగైదు కిలోమీటర్ల కాలినడక. మిగిలిన క్షేత్రాలలో దైవదర్శనానికి కొండ ఎక్కుతారు. ఇక్కడ లోయలోకి దిగుతారు. శిఖరం చేరినవానిలో ఎక్కానన్న భావం మిగిలే అవకాశం ఉంది. దిగేవానికి ఆ సదుపాయం లేదు. ప్రతి అడుగులోనూ తల వంచి, కాలు పెట్టే చోటు చూచుకోవలసిందే. దారి సన్నం. ఒక పక్క శిల, మరో పక్క అగాధం. దిగేవారు "వస్తున్నం లింగమయ్యా" అని ఎలుగెత్తి పిలుస్తున్నారు. దర్శనం ముగించి ఎక్కేవారు "పోయొస్తం లింగమయ్యా" అని బదులిస్తున్నారు. లోయ గోడలకు తగిలి ఆ రెండు పిలుపులూ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి.

తెలుగువాడు గడప దాటుతూ "పోతున్నాను" అనడు, అది అశుభం. "పోయొస్తాను" అంటాడు. నిష్క్రమణలోనే పునరాగమనాన్ని వాగ్దానం చేసే భాష ఇది. ఆ పిలుపు విన్న వ్యాపారి మధ్యదారిలో ఒక క్షణం ఆగిపోయారు. ఆయన ముఖం మీది చెమటలో ఏది ఎండవలన, ఏది అంతరంగం వలన వచ్చిందో చెప్పడం కష్టం. వెనుక వస్తున్న బ్యాంకు ఉద్యోగి "ఏమైందిరా" అన్నారు. ఏడాది తరువాత ఆయన నోట వెలువడిన మొదటి 'రా' అది. "ఏం లేదు, పద" అని వ్యాపారి ముందుకు సాగారు.

లోయ అడుగున, నలువైపులా ఆకాశాన్ని కప్పే శిలాకుడ్యాల మధ్య, ఎత్తునుండి సన్నని ధారగా నీరు గుండంలోకి పడుతూ ఉంది. పైన అరణ్యమంతా ఎండి గలగలలాడుతుండగా, ఇక్కడ చల్లని తుంపర. ఈ నీరు నిన్నటిది కాదు. గత వానకాలంలో కొండపై కురిసిన జలం శిలాంతరాళాలలో ఇంకి, చీకటిలో మెల్లమెల్లగా దిగి, చైత్రమాసపు ఎండలో దాహార్తుల కోసం వెలువడుతోంది. కొండ మేఘం దగ్గర తీసుకున్నదాన్ని దాచుకోలేదు. అందరికీ అవసరమైన వేళకు అందించింది. నలుగురూ గుండంలో మునిగి, తడిబట్టలతోనే గుహలోని లింగాన్ని దర్శించుకున్నారు. రద్దీ కారణంగా అక్కడ నిలిచే వ్యవధి నిమిషం కూడా దొరకలేదు. కోరిక కోరుకునే తీరిక లేకపోవడమే ఆ దర్శనంలోని విశేషం.

ఎక్కేటపుడు నలుగురికీ కలిపి ఒక్క సీసా నీళ్ళు మిగిలాయి. ఇంటి నుండి తెచ్చుకొన్న స్టీలు సీసా అది. ఒకరు రెండు గుటకలు త్రాగి మరొకరికి అందిస్తూ, పెద్దాయనను మధ్యలో నడిపిస్తూ పైకి చేరి, ఒక తపసి చెట్టు మొదట కూలబడ్డారు. ఆకులు లేని చెట్టు నీడ గీతలు గీతలుగా పడుతుంది. ఆ గీతల నీడలో వ్యాపారి మాట మొదలుపెట్టారు.

"ఆరు లక్షలు. నాకు యాదున్నదిరా. జాగ సగం అమ్ముదామని మూడుసార్లు బేరం పెట్టిన, మూడుసార్లూ చెడిపోయింది. నీకు చెప్పబుద్ధి కాలేదు. చెప్తే, మళ్ళ కాకపోతే ఏం మొఖం పెట్టుకొని కనపడాలె?"

బ్యాంకు ఉద్యోగి చాలాసేపు నేల చూస్తూ ఉండిపోయారు. తరువాత అన్నారు: "పైసలు నాకు కావాలెరా. బిడ్డ పెండ్లి ఉన్నది. మాఫీ చేస్త అని చెప్పను. కానీ పైసలు రాలేదని నాకు నిద్ర చెడలేదు. నువ్వు గల్లీ మార్చినవు చూడు, అప్పటి నుంచి చెడింది."

వైద్యుడు తల తిప్పుకున్నారు. ఉపాధ్యాయులు కల్పించుకోలేదు. శ్రావణంలో రెండు లక్షలు, కార్తీకానికి మిగిలినవి అని ఇద్దరూ మాట అనుకున్నారు. ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు. దారిలో స్వచ్ఛందంగా అన్నదానం చేస్తున్న పందిట్లో పక్కపక్కన కూర్చొని పులిహోర తిన్నారు.

రామసుగ్రీవుల సఖ్యం అగ్నిసాక్షిగా, హనుమంతుని మధ్యవర్తిత్వంతో ఏర్పడింది. వాలివధ జరిగి, రాజ్యం లభించిన తరువాత సుగ్రీవుడు భోగాలలో మునిగి, శరత్తు వచ్చినా సీతాన్వేషణ ప్రారంభించలేదు. ఇక్కడ వాల్మీకి రెండు సూక్ష్మాలను నిక్షేపించాడు. మొదటిది: లక్ష్మణుడు కోపంతో రాకముందే, హనుమంతుని హితబోధతో సుగ్రీవుడు సేనాసమీకరణకు నీలుని ఆజ్ఞాపించాడు. ప్రయత్నం మొదలైంది, కానీ ఆ సంగతి ప్రస్రవణ పర్వతం మీద ఎదురుచూస్తున్న రామునికి చేరలేదు. రెండవది: రాముడు మాటను ఉపేక్షించలేదు. వాలి పోయిన దారి ఇంకా మూతపడలేదని కఠినంగానే కబురు పంపాడు. అంతటి రాముడే, సుగ్రీవుడు స్వయంగా వచ్చి పాదాలపై పడగా లేవనెత్తి హృదయానికి హత్తుకున్నాడు. మైత్రి అంటే ఋణాన్ని రద్దు చేయడం కాదు. ఋణాన్ని గుర్తుచేసే అధికారం ఒకరికి, వచ్చి ఎదుట నిలిచే ధైర్యం మరొకరికి ఉండటం. సుగ్రీవుని దోషం ఆలస్యంలో కొంత ఉంది. ఎదుటికి రాకపోవడంలో అధికంగా ఉంది.

మౌనం రెండు విధాలు. దాచే మౌనం ఒకటి, మోసే మౌనం మరొకటి. ముండకోపనిషత్తు ఒకే వృక్షాన్ని ఆశ్రయించిన రెండు పక్షులను వర్ణిస్తుంది. ఒకటి ఫలాన్ని భుజిస్తుంది. మరొకటి భుజింపక చూస్తూ ఉంటుంది. జీవేశ్వరులకు ప్రతీకలైన ఆ పక్షులను ఉపనిషత్తు యజమాని, సేవకుడు అని పిలవలేదు. సఖులు అని పిలిచింది. తీపి, చేదు ఫలాలు తింటూ అలసిపోయే పక్షిని రెండవ పక్షి నిందించదు, విడిచి మరో కొమ్మకు ఎగిరిపోదు. మొదటి పక్షి తల ఎత్తి చూచిన క్షణాన దాని శోకం తొలగుతుంది. ఎత్తి చూడటమే దాని వంతు సాధన. మానవ మైత్రి ఆ దివ్యసఖ్యానికి అభ్యాసశాల. ఎదుట కూర్చున్న మిత్రుని కళ్ళలోకి చూడలేనివాడు, లోపల కూర్చున్న మిత్రుని వైపు ఎలా తల ఎత్తగలడు?

శ్రావణమాసంలో ఒక సాయంకాలం వ్యాపారి లక్షా యాభై వేలు పట్టుకొని మిత్రుని ఇంటికి వెళ్ళారు. చెప్పినదానికి యాభై వేలు తక్కువ. పాత వ్యాపారి అయితే పూర్తి మొత్తం సమకూరేదాకా ఆ వీధి ముఖం చూచేవారు కారు. ఈసారి ముందువాకిలినుండే వెళ్ళి, తక్కువైన సంగతి గడపలోనే చెప్పారు. మిగిలిన మొత్తంలో చివరి విడత పెళ్ళి జరిగిన తరువాత గాని తీరలేదు. ఆ లోటు పూడ్చడానికి బ్యాంకు ఉద్యోగి తన ఉద్యోగం మీద అప్పు చేయవలసి వచ్చింది. అది ఆయనకు కష్టమే. కష్టం కాదని ఆయన ఎన్నడూ అనలేదు. పెళ్ళిపందిరికి దీపాలంకారమంతా వ్యాపారి దగ్గరుండి చేయించారు. ఆ ఖర్చును అప్పులో జమ కట్టాలా, వద్దా అని ఇద్దరూ బంధువులందరి ముందు బిగ్గరగా వాదులాడుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్ గదిలో కిరోసిన్ లెక్కల మీద వాదులాడుకొన్న రోజులు గుర్తుకొచ్చి వైద్యుడు నవ్వు ఆపుకోలేకపోయారు.

అల్మాస్‌గూడ మండపంలో కిష్కింధాకాండ పఠనం ఆగినచోటు నుండి తిరిగి ప్రారంభమైంది. నాలుగు చాపలూ నిండాయి.

ప్రకృతిని దర్శించడానికి వెళ్ళే మిత్రులు ఎందరో ఉన్నారు. అడవి ఎవరికీ కొత్తగా ఏదీ ఇవ్వదు. ఎండలో ఆకులు రాల్చిన చెట్టులా మనలను మనకు కనబడేటట్లు చేస్తుంది. ఈ వేసవిలో ప్రయాణం తలపెట్టినవారు ఒక్క క్షణం ఆగి, తాము దారి మార్చుకొన్న వీధి ఏదైనా ఉన్నదా అని విచారించుకోవాలి. ఉంటే, ఆ వీధిలోని మిత్రుని కూడా వెంట తీసుకొని వెళ్ళాలి. మాట కాపాడే మిత్రదేవుడు ఆ దారిలోనే ఉదయిస్తాడు.

శివార్పణమస్తు.